టొరంటోలో ఐదు నెలల చలి: హైదరాబాద్ నుంచి వెళ్ళే అమ్మానాన్నలకు ఏం సర్దాలి, ఏం నేర్పాలి?

తార్నాక_తమ్ముడు:
అమ్మకు 66, నాన్నకు 71. నవంబరు మొదటివారంలో టొరంటోలో అక్క దగ్గరికి వెళ్ళి మార్చి చివర్లో తిరిగొస్తారు. ఇద్దరికీ మంచు దేశం ఇదే మొదటిసారి. నాన్నకు బీపీ, షుగరు (మాత్రలతో పాటు రాత్రికి ఇన్సులిన్). అమ్మకు మోకాళ్ళ నొప్పులు, కట్టుకునేది చీరే. అక్కాబావా పొద్దున ఎనిమిదింటికి వెళ్తే సాయంత్రం ఆరింటికి గానీ రారు. ఇక్కడుండగానే ఏం చేసుకోవాలి, అక్కడికెళ్ళాక ఏం జాగ్రత్తలు? "స్వెటర్లు పెట్టుకోండి" తరహాలో కాకుండా కాస్త లెక్కతో చెప్పండి.

బీమా_బాబాయ్:
బట్టల కంటే ముందు బీమా చూడండి. విజిటర్‌గా వెళ్ళినవాళ్ళకు అక్కడి ప్రభుత్వ వైద్యం వర్తించదు. జారిపడి ఒక్క ఎముక విరిగినా బిల్లు మొత్తం మీదే. సూపర్ వీసా (అక్కడ స్థిరపడినవాళ్ళ తల్లిదండ్రులకు ఇచ్చే దీర్ఘకాలపు వీసా) అయితే కనీసం లక్ష కెనడా డాలర్ల కవరేజీ, ఏడాది గడువుతో తప్పనిసరి. మామూలు విజిటర్ వీసాకు తప్పనిసరి కాదు. అందుకే చాలామంది వదిలేస్తారు, అక్కడే దెబ్బతింటారు.

పాలసీలో చదవాల్సింది ఒక్కటే మాట: "స్టేబుల్". పాత జబ్బుకు కవరేజీ రావాలంటే బయల్దేరేముందు ఇన్ని రోజులు ఆ జబ్బు మందుల్లో మార్పు ఉండకూడదంటారు. సాధారణంగా 90 రోజులు, కొన్నిటికి 180. డోసు పెంచినా, తగ్గించినా మార్పు కిందే లెక్క. కాబట్టి నాన్నగారి బీపీ, షుగరు మందులు సర్దాల్సినవి ఉంటే ఇప్పుడే డాక్టరుగారితో కూర్చుని సర్దించేయండి. అక్టోబరులో "వెళ్తున్నాం కదా, ఓసారి చూపించుకుందాం" అని వెళ్ళి డోసు మార్పించుకుంటే క్లెయిము రోజున అదే అడ్డం పడుతుంది. అలాగని అవసరమైన మార్పును పాలసీ కోసం ఆపకండి. మార్చాక కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి.

మందులషాపు_మలక్‌పేట:
మందుల విషయంలో అందరూ తప్పే చోటు: ఐదు నెలల స్టాకు ఒకేసారి కట్టించుకోవడం. ప్రిస్క్రిప్షన్ మందులు వెంట తీసుకెళ్ళేవాళ్ళకు కెనడా పెట్టిన హద్దు 90 రోజులు, లేదా ఆ చికిత్సకు కావాల్సినంత, రెండిట్లో ఏది తక్కువైతే అది. మిగతా రెండు నెలలకు అక్కడ ఒక వాకిన్ క్లినిక్‌లో (అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్ళేది) చూపించుకుని రాయించుకోవాలి. అందుకని మీ డాక్టరు దగ్గర బ్రాండు పేరుతో కాకుండా అసలు మందు పేరుతో, మిల్లీగ్రాములతో టైపు చేసిన చీటీ తీసుకోండి. మన బ్రాండ్లు అక్కడి ఫార్మసిస్టుకు తెలియవు. స్ట్రిప్పులు కత్తిరించి డబ్బాల్లో పోయకండి, షాపు ప్యాకింగులోనే ఉండనివ్వండి.

ఇన్సులిన్ చెకిన్ సామానులో పెట్టొద్దు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉన్నా పనిచేయదు, పారేయాల్సిందే. బయటికెళ్ళేటప్పుడు కూడా కోటు పైజేబులో కాదు, లోపలి జేబులో. గ్లూకోమీటరుకీ ఇదే సూత్రం. చాలా మీటర్లు 10 డిగ్రీల కంటే కిందికి పడిపోతే ఎర్రర్ చూపిస్తాయి. ఇంకోటి, చలికాలంలో రెండు ఊళ్ళకూ గడియారం తేడా పదిన్నర గంటలు. ప్రయాణం రోజున ఇన్సులిన్ ఏ గంటకు, ఎన్ని యూనిట్లో డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి.

జలుబుకు అక్కడ షాపుల్లో చీటీ లేకుండా దొరికే మాత్రల్లో ముక్కుదిబ్బడ తగ్గించే మందు కలిసి ఉంటుంది, అది బీపీ పెంచుతుంది. నాన్నగారికి ఉప్పునీటి స్ప్రే చాలు.

ఎల్బీనగర్_పోరడు:
అన్నా, గింత లెక్కలెందుకే? రోడ్డు పక్కన నేపాలోళ్ళ కాడ రెండు మందం స్వెటర్లు, రెండు మంకీ క్యాపులు కొను. మరీ చలైతే రాత్రిపూట పెద్దాయనకు రెండు చెంచాల బ్రాందీ, ఒళ్ళు వెచ్చగైతది. అయిపాయె.

జనరల్_మెడిసిన్:
బ్రాందీ మాట వదిలేయండి. మద్యం పడగానే చర్మం కింది రక్తనాళాలు తెరుచుకుంటాయి, అందుకే వెచ్చగా అనిపిస్తుంది. నిజానికి ఒంట్లోని వేడి బయటికి పోతుంటుంది. ఇన్సులిన్ వాడేవాళ్ళకు దాంతో రాత్రి షుగరు పడిపోయే ప్రమాదం అదనం.

బయల్దేరేముందు రక్తపరీక్షల్లో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ది), బీ12, విటమిన్ డీ, క్రియాటినిన్ (కిడ్నీలది) చేయించండి. షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బీ12 తగ్గుతుంది, శాకాహారులైతే మరీను. థైరాయిడ్ తక్కువగా ఉన్నవాళ్ళు చలికి అసలే తట్టుకోలేరు. ఈ రెండిటి లోపాన్నీ అక్కడ "చలికి నీరసం" అనుకుని నెలలు గడిపేస్తారు. ఫ్లూ టీకా ప్రయాణానికి కనీసం రెండువారాల ముందు, న్యుమోనియా టీకా గురించి కూడా అడగండి. షుగరున్న 71 ఏళ్ళ మనిషికి రెండూ అవసరమే.

చలికి రక్తనాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది. మిషన్ వెంట పంపండి. బయటినుంచి రాగానే చూస్తే ఎక్కువే చూపిస్తుంది, కంగారు పడి అదనపు మాత్ర వేసేసుకుంటారు. లోపలికొచ్చి అరగంట ఆగి, కుర్చీలో వీపు ఆనించి ఐదు నిమిషాలు కూర్చుని, స్వెటరు చేతి మీంచి కాకుండా ఉత్త చేతికి పట్టీ కట్టి చూడాలి.

అన్నిటికంటే ముఖ్యం: నాన్నగారి చేతికి మంచు తోసే పార ఇవ్వకండి. అల్లుడికి సాయం చేద్దామని మొదలుపెడతారు. చలిలో నాళాలు బిగుసుకుని ఉండగా చేతులతో బరువు తోయడం గుండెకు పెద్ద పరీక్ష.

కుట్టుమిషన్_కోఠి:
బట్టలు. రోడ్డు పక్క స్వెటరు తప్పేం కాదు, ఇంట్లో వేసుకోడానికి బంగారం. బయటికి మాత్రం మూడు పొరలు కావాలి.

ఒంటికి అంటుకుని థర్మల్. పాలియెస్టర్‌దో, మెరినో ఉన్నిదో తీసుకోండి. మనిషికి మూడు జతలు. కింద కాటన్ బనియన్ వేసి దాని మీద థర్మల్ వేస్తే డబ్బు దండగ. నూలు చెమట పీల్చుకుని ఆరదు, తడి బనియనే చలి పుట్టిస్తుంది. దాని మీద ఫ్లీసో (మెత్తటి నూగున్న వెచ్చటి గుడ్డ), ఉన్ని స్వెటరో. పైన గాలి చొరబడని, టోపీ ఉన్న, మోకాళ్ళ దాకా వచ్చే జాకెట్. మొదటి రెండు పొరలూ ఇక్కడ డెకాథ్లాన్‌లో దొరుకుతాయి. జాకెట్, బూట్లు అక్కడే కొనాలి. కానీ విమానం దిగగానే కారుదాకా నడవాలి కదా, అందుకని ఒక మందపాటి కోటు, టోపీ, చేతితొడుగులు క్యాబిన్ బ్యాగులో ఉండాలి.

అమ్మగారి చీర సంగతి. ఇంట్లో చక్కగా కట్టుకోవచ్చు. రెండు మీటర్ల ఫ్లీసు గుడ్డతో లంగా కుట్టించండి. నాడా కాకుండా వెడల్పు ఎలాస్టిక్ వేయించండి, లోపల థర్మల్ ప్యాంటు మీద నాడా ముడి ఒత్తుకుంటుంది. బయటికి మాత్రం చీర వద్దు. రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు, ఆ బురద నీరు ఫాల్ దగ్గర పీల్చుకుని అంచు పొడుగునా గడ్డకట్టి కాళ్ళకు కొట్టుకుంటుంది. వదులు ప్యాంటు, పైన కుర్తా అలవాటు చేయండి. ఇప్పట్నుంచే వారానికి రెండురోజులు ఇంట్లో వేసుకుంటే అక్కడ మొహమాటం ఉండదు.

బూటు సాయంత్రంపూట, మందపాటి మేజోడు వేసుకుని చూడాలి. ముందు ఒక వేలు మందం ఖాళీ ఉండాలి. "ఇంకా వెచ్చగా ఉంటుంది" అని రెండు మేజోళ్ళు ఇరికిస్తే పాదం నొక్కుకుని రక్తం ఆడదు, మధ్యలో గాలి పొర కూడా పోయి ఇంకా చల్లబడుతుంది. మెట్టెలు ఇరుకు బూటులో పక్క వేలిని కొరుకుతాయి, తిమ్మిరెక్కిన కాలికి తెలియదు కూడా. ముందుభాగం వెడల్పున్న బూటే ఎంచండి. చేతులకు ఐదు వేళ్ళ గ్లవ్స్ కంటే వేళ్ళన్నీ ఒకే సంచిలో ఉండే మిట్టెన్లు వెచ్చన.

ఫిజియో_హబ్సిగూడ:
అమ్మగారి మోకాళ్ళకు బయల్దేరేలోపు ఆరువారాలు దొరికితే చాలు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిసార్లు, రెండు విడతలు. వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం పదిహేను. అదే గట్టు దగ్గర ఒంటికాలి మీద పది సెకన్లు, రెండు కాళ్ళకూ.

ఇక నడక. మంచు మీద జారేది మనం అనుకునేంత తెల్లటి చోట కాదు, నల్లగా తడిసిన తారురోడ్డులా కనిపించే చోట. పలచటి గాజు పొరలా ఉంటుంది, కంటికి ఆనదు. మధ్యాహ్నం కరిగిన నీరు సాయంత్రానికి మళ్ళీ గడ్డకట్టి ఇలా అవుతుంది. మైనస్ 15 ఉన్న రోజుకంటే సున్నాకు అటూఇటూ ఉన్న రోజే ఎక్కువ జారుతుంది, మంచు మీద నీటి పొర ఉంటుంది కాబట్టి. అడుగు చిన్నగా, పాదం మొత్తం ఒకేసారి ఆనేలా, మోకాళ్ళు కొంచెం వంచి, చేతులు జేబుల్లోంచి బయట. బాతు నడక అనుకోండి. కారెక్కేటప్పుడు ముందు వెనక్కి తిరిగి సీటు మీద కూర్చుని, తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి.

బూటు కింద తొడుక్కునే ముళ్ళపట్టీలు దొరుకుతాయి, క్లీట్స్ అంటారు. గడ్డమంచు మీద బాగా పట్టు ఇస్తాయి. అవే టైల్స్ మీద స్కేటింగ్ చక్రాలు! గుమ్మంలో కుర్చీ వేసి, కూర్చుని తీయాలి. అదే గుమ్మంలో ఇంకో చిక్కు: చలిలోంచి లోపలికి రాగానే కళ్ళజోడు మీద ఆవిరి పట్టి ఏమీ కనపడదు, కింద బూట్ల నుంచి కారిన నీళ్ళు. తలుపు వేసుకుని అక్కడే నిలబడి అద్దాలు తుడుచుకున్నాకే అడుగు వేయమనండి. పడేవాళ్ళలో చాలామంది వీధిలో జాగ్రత్తగా నడిచొచ్చి గుమ్మంలో పడతారు.

తార్నాక_తమ్ముడు:
అందరికీ ధన్యవాదాలు. ఒక సందేహం. అక్క వాళ్ళింట్లో ఎప్పుడూ 22 డిగ్రీలు ఉంటుందట. అయినా పోయినసారి వచ్చిన అత్తయ్యగారికి ముక్కులోంచి రక్తం, ఒళ్ళంతా దురద అంటోంది. ఇంట్లో చలే లేనప్పుడు అదెందుకు?

ఏసీ_పనులు_అమీర్‌పేట:
అక్కడ ఇంట్లో బాధ చలిది కాదు, పొడిగాలిది. లెక్క చూడండి. మైనస్ 10 దగ్గర ఒక ఘనమీటరు గాలి మోయగలిగే నీటి ఆవిరి రెండు గ్రాముల పైచిలుకు మాత్రమే. అదే గాలిని లోపలికి లాక్కుని 22 డిగ్రీలకు వేడిచేస్తే దానికి 19 గ్రాముల దాకా మోసే శక్తి వస్తుంది, ఉన్నది మాత్రం రెండే. అంటే తేమ పన్నెండు శాతం చిల్లర. మిగతాది మీ ముక్కులోంచి, చర్మంలోంచి పీలుస్తుంది.

చిన్న తేమమీటరు ఒకటి కొనమనండి. 30 నుంచి 40 శాతం మధ్య ఉంచితే చాలు. మైనస్ 20కి పడిపోయిన రోజుల్లో 30 కంటే పెంచొద్దు. కిటికీ అద్దాల మీద నీళ్ళు కారి చట్రం మూలల్లో నల్లబూజు పడుతుంది, అది దగ్గుకు కొత్త కారణం. హ్యుమిడిఫయర్ (గాలికి తేమ ఇచ్చే మిషన్) పెడితే రోజూ పాతనీళ్ళు పారబోసి, మూడురోజులకోసారి వెనిగర్‌తో కడగాలి. పొగలా ఆవిరి చిమ్మే రకంలో కుళాయినీళ్ళు పోస్తే సామాన్ల మీద తెల్లపొడి పడుతుంది, అది నీళ్ళలోని ఖనిజం. డిస్టిల్డ్ వాటర్ పోయాలి.

వేడిగాలి నేలమీది జాలీల్లోంచి వస్తుంది. మనవాళ్ళు వెళ్ళగానే చేసే పని సూట్‌కేసులు సరిగ్గా వాటి మీద పెట్టడం! తర్వాత ఆ గది చల్లగా ఉందని చిన్న హీటరు అడుగుతారు. ముందు జాలీ తెరవండి, ఫర్నేసు (ఇల్లంతటికీ వేడిగాలి పంపే మిషన్) ఫిల్టరు చూడండి. ఒకటి నుంచి మూడు నెలలకోసారి మార్చాలి. గ్యాస్ ఓవెన్ తలుపు తీసి గది వేడిచేయడం మాత్రం ఎప్పుడూ వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, తల తిరగడం ఉంటే కిటికీ తీయడం కాదు, అందరూ బయటికొచ్చి అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయాలి.

వంటగది_వనస్థలిపురం:
దురదకు నా మాట. స్నానం పది నిమిషాలు, గోరువెచ్చని నీళ్ళు, సబ్బు అవసరమైన చోట్లే. ఒళ్ళు అద్దుకున్న మూడు నిమిషాల్లోపు, చర్మం ఇంకా తేమగా ఉండగానే క్రీమో, వాజ్‌లైనో. కొబ్బరినూనె సీసా పెట్టకండి. 24 డిగ్రీల లోపు గడ్డకడుతుంది, ఆ ఇంట్లో ఐదు నెలలూ రాయే. నువ్వులనూనె అయితే పోస్తే వస్తుంది. అయితే నూనె రాసుకుని తలంటు మాత్రం బాత్‌టబ్బులో వద్దు, నూనె కాళ్ళు, నున్నటి టబ్బు. నూనె స్నానం తర్వాతే. టబ్బులో రబ్బరు చాప వేయించండి.

పోపు పెడితే పొగ అలారం మోగుతుంది. ఎండుమిరపకాయ వేసేముందే చిమ్నీ ఫ్యాను వేయాలి. విసుగొచ్చి అలారం బ్యాటరీ తీసేయడం మామూలైపోయింది. అది మాత్రం చేయొద్దని అమ్మగారికి గట్టిగా చెప్పండి. అగరొత్తులు, హారతి కర్పూరం అలారానికి దూరంగా.

దాహం వేయదు కాబట్టి నీళ్ళు తాగరు, నాలుగో రోజుకు మలబద్ధకం. లీటరు ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసి, మధ్యాహ్నం భోజనంలోపు ఖాళీ అవ్వాలని లెక్క పెట్టండి. రాత్రిపూట మిరియాల చారు ఉండనే ఉంది.

మలక్‌పేట వారికి ప్రశ్న: విటమిన్ డీ 60 వేల పొట్లాలు వారానికొకటి చొప్పున చలికాలం మొత్తానికీ ఇరవై కట్టి పంపొచ్చా? చాలామంది అలాగే పంపుతున్నారు.

మందులషాపు_మలక్‌పేట:
వద్దు. ఆ 60 వేల యూనిట్లు లోపం ఉన్నప్పుడు, మామూలుగా ఎనిమిది వారాలు, డాక్టరు చెప్తే వేసుకునేవి. ఆపకుండా లాగితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, కిడ్నీలో రాళ్ళు. పరీక్ష చూసి, లోపం ఉంటే ఇక్కడే కోర్సు ముగించి, అక్కడ రోజువారీ చిన్నమోతాదు వేసుకోవడం పద్ధతి. అక్కడి ఎండతో పని జరగదు. ఆ అక్షాంశంలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సూర్యుడు బాగా కిందుగా ఉండి, చర్మంలో డీ తయారుచేసే కిరణాలు నేలకు చేరవు. కిటికీ అద్దం వెనక కూర్చుంటే ఏ దేశంలోనైనా అంతే, గాజు వాటిని ఆపేస్తుంది.

రాత్రిషిఫ్టు_గచ్చిబౌలి:
అందరూ ఒంటి గురించి చెప్పారు. గడియారం గురించి ఎవరూ చెప్పలేదు, మనుషులు కుంగేది అక్కడే.

నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారం గంట వెనక్కి తిప్పుతారు. మీవాళ్ళు దిగేది సరిగ్గా అప్పుడే. డిసెంబరు 21న టొరంటోలో సూర్యోదయం 7:48, అస్తమయం 4:43. పగలు తొమ్మిది గంటల్లోపే. మనకు అదే రోజు పదకొండు గంటల దాకా ఉంటుంది. ఇప్పుడు తేడా కలిపి చూడండి. అక్కడ చీకటి పడే నాలుగున్నరకు హైదరాబాదులో తెల్లవారుజాము మూడు. అంటే వాళ్ళకు దిగులు కమ్మే గంటకు ఇక్కడ ఫోనెత్తే దిక్కుండదు. అక్కాబావ వచ్చేది ఆరింటికి. ఆ గంటన్నర ఎవరూ లేనిది.

కాబట్టి ఫోన్లు పొద్దున పెట్టుకోండి. అక్కడ ఎనిమిదిన్నర నుంచి పదకొండు అంటే ఇక్కడ రాత్రి ఏడు నుంచి తొమ్మిదిన్నర. పెద్దమ్మలు, స్నేహితులు ఎవరు ఏ రోజో వంతులు వేయండి. మధ్యాహ్నం పన్నెండుకు బయట ఇరవై నిమిషాలు. ఎండ లేకపోయినా సరే, మబ్బు రోజున కూడా ఆరుబయట వెలుగు వెయ్యి లక్స్ (వెలుగు కొలత) దాటుతుంది, ఇంట్లో బల్బు కింద రెండు మూడు వందలుంటే గొప్ప. గాలితో కలిపి మైనస్ 28కి దిగిందని వాతావరణ సూచన చెప్తే ఆ రోజు మాల్‌లో నడక. ఆ చలికి బయటున్న చర్మం పది నుంచి ముప్పై నిమిషాల్లో గడ్డకట్టొచ్చు. నాలుగింటికి, చీకటి పడకముందే, ఇంట్లో దీపాలన్నీ వేసేయమనండి. నాలుగున్నర నుంచి ఆరు దాకా చేతికి పని ఉండాలి: రాత్రి వంట ఆ వేళకు జరపండి, లైబ్రరీ వెళ్తే ఆ వేళకే వెళ్ళండి.

ధనుర్మాసం చూశారా, డిసెంబరు 16 ప్రాంతం నుంచి సంక్రాంతి దాకా సరిగ్గా ఆ చీకటి నెలే. రోజుకో పాశురం, చెక్కపలక మీద రోజుకో ముగ్గు, ఇక్కడి బంధువుల గ్రూపులో ఫోటో. ముప్ఫై రోజులు లేవడానికి ఒక కారణం దొరుకుతుంది.

జనరల్_మెడిసిన్:
పై టపా నూటికి నూరుపాళ్ళు. ఒక చేర్పు. చలికాలపు కుంగుబాటును 1984లో నార్మన్ రోజెంతాల్ బృందం ఒక జబ్బుగా వర్ణించింది, దానికి వెలుగుపెట్టె చికిత్స ఉంది. 10,000 లక్స్, నిద్రలేచిన గంటలోపు, ఇరవై నుంచి ముప్పై నిమిషాలు, మొహానికి 40 నుంచి 60 సెంటీమీటర్ల దూరంలో, కాస్త పక్కగా. నేరుగా చూడకూడదు. సాయంత్రం వాడితే నిద్ర చెడుతుంది. కానీ నాన్నగారికి షుగరు ఉంది కాబట్టి, కంటి రెటీనా పరీక్ష ఇక్కడే చేయించి, కంటి డాక్టరు సరేనన్నాకే. గతంలో మానసిక ఉద్రేకం జబ్బు (బైపోలార్, మేనియా) ఉన్నవాళ్ళు సొంతంగా వాడకూడదు.

పెద్దవాళ్ళు "దిగులుగా ఉంది" అనరు. ఒళ్ళునొప్పులంటారు, తిండి దగ్గర లేచిపోతారు, పగలంతా పడుకుంటారు, "టికెట్ ముందుకు జరపండి" అంటారు. రెండువారాలు దాటి ఇలాగే ఉంటే అక్కగారు డాక్టరుకు చూపించాలి. అత్యవసరం కాని ఆరోగ్య ప్రశ్నలకు ఒంటారియోలో (టొరంటో ఉన్న రాష్ట్రం) 811కు ఫోన్ చేస్తే నర్సు మాట్లాడుతుంది.

ఎల్బీనగర్_పోరడు:
బ్రాందీ మాట వాపస్ తీసుకున్న సార్. మరి అమ్మకు మెంతికూర తినబుద్ధైతే ఏం జేయాలె? ఆడ కట్ట ధర వింటెనే చలి పెడతదట.

వంటగది_వనస్థలిపురం:
ఇంట్లోనే వేసుకోవచ్చు, నాలుగున్నర పనికి అది సరిపోతుంది కూడా. మెంతులు 50 గ్రాములు రాత్రంతా నానబెట్టాలి. అడుగున బెజ్జాలున్న ట్రేలో రెండంగుళాల మట్టి, మీద మెంతులు ఒత్తుగా చల్లి, పలచగా మట్టి కప్పి, దక్షిణం కిటికీ దగ్గర పెట్టాలి. మూడో నాలుగో రోజుకు మొలక. నీళ్ళు పోయకండి, స్ప్రే చేయండి. ఎక్కువైతే వేరు దగ్గర తెల్లబూజు పట్టి మొత్తం కుళ్ళుతుంది. డిసెంబరులో ఆ కిటికీ వెలుగు చాలక కాడలు సన్నగా సాగి వాలిపోతాయి, పెద్ద ఆకు కోసం చూడకండి. పది పన్నెండు రోజులకే, మూడంగుళాలు ఉన్నప్పుడు కత్తెరతో కోసేసి పప్పులో వేయమనండి. రెండు ట్రేలు వారం తేడాతో వేస్తే ఒకటి అయ్యేసరికి ఇంకోటి అందుతుంది.

తార్నాక_తమ్ముడు:
మెంతులు చెకిన్‌లో, ఇన్సులిన్ క్యాబిన్‌లో. రాసుకున్నాను. ఫోన్ల వంతుల పట్టిక ఈ ఆదివారమే వేస్తాం. కోఠి వారూ, ఫ్లీసు లంగాకు ఎలాస్టిక్ ఎంత వెడల్పు?

కుట్టుమిషన్_కోఠి:
అంగుళంన్నర. నడుము కొలత కంటే రెండంగుళాలు తక్కువ కోయించండి, థర్మల్ మీద వేసుకుని చూశాకే కుట్టు వేయించండి.